యంత్రం మెచ్చిన ముఖం

జిల్లా సమన్వయ అనుసంధాన కార్యాలయం ఏ శాఖను ఏ శాఖతో సమన్వయం చేస్తుందో అందులో పనిచేసే నలభై ముగ్గురిలో ఎవరినడిగినా పక్క సెక్షన్‌లో కనుక్కోమంటారు. అయినా అది చిన్నాచితకా ఆఫీసు కాదు. మూడంతస్తుల మేడ, ముందు జెండా దిమ్మ, వెనక జనరేటరు, మెట్ల కింద విరిగిన కుర్చీల గుట్ట, అన్నీ ఉన్నాయి. ఒక శాఖ నుంచి వచ్చిన కాగితం ఇక్కడ కొన్ని నెలలు సేద తీరి ఇంకో శాఖకు వెళ్ళిపోతుంది. వెళ్ళేటప్పుడు దాని మీద ఒక ముద్ర అదనంగా ఉంటుంది.

అలాంటి ఆఫీసుకు మేకప్ ఆర్టిస్టు వీరవేణి మూడు నెలలపాటు పొద్దున్నే పెట్టె పట్టుకుని రావలసి వచ్చింది. వీరవేణి బస్టాండు ఎదురుగా మందుల షాపు మేడ మీద పార్లరు నడుపుతుంది. చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళలో ఆమె చెయ్యి పడకుండా పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురు అరుదు. మాట కరుకు, చెయ్యి మెత్తన. మొహానికి ఏదైనా రాయడం ఎవరికైనా వస్తుందనీ, ఎక్కడ రాయకుండా వదిలెయ్యాలో తెలియడమే అసలు పనితనమనీ ఆమె నమ్మకం. ఆ నమ్మకానికి ఆఫీసువాళ్ళ చేతిలో ఏ గతి పట్టిందో చెప్పాలంటే ముందు యంత్రం సంగతి చెప్పాలి.

ఉద్యోగులు పొద్దున సంతకం పెట్టి సొంత పనుల మీద పోతున్నారని రాజధానిలో పెద్దలకు అనుమానం వచ్చింది. దాంతో ప్రతి ఆఫీసు గుమ్మంలోనూ ముఖ హాజరు యంత్రం పెట్టాలని తీర్మానించారు. దాని ముందు నిలబడితే, ముందే నమోదు చేసుకున్న ముఖంతో పోల్చి నూటికి ఎంత కలిసిందో చెబుతుంది. డెబ్భై దాటితే పేరు పెట్టి పిలిచి, స్వాగతం చెప్పి, హాజరు వేస్తుంది. దాటకపోతే, మనిషి ఎదురుగా నిలబడి దగ్గుతున్నా సరే, రానట్టే.

ఆఫీసు అధిపతి డాక్టర్ ప్రభంజనరావు. డాక్టరంటే వైద్యుడు కాదు. దస్త్రాల కదలికలో జాప్యం అనే విషయం మీద పదకొండేళ్ళు పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నాడు. ముఖాల నమోదు రోజున ఫొటోలన్నీ రాజధానికి వెళ్తాయని తెలిసి ఆయన సిబ్బందిని వరండాలో వరసగా నిలబెట్టి చూసుకున్నాడు. చూసి హడలిపోయాడు. ఈ మొహాలు పైవాళ్ళు చూస్తే జిల్లా పరిపాలన మీద ఏం అభిప్రాయం ఏర్పడుతుందని సూపరింటెండెంటు విశ్వపతిని నిలదీశాడు. విశ్వపతి వెంటనే ఆటో ఎక్కి వెళ్ళి వీరవేణిని తీసుకొచ్చాడు.

అవి పెళ్ళిళ్ళ రోజులు. ఆమె పెట్టెలో ఉన్నదంతా పెళ్ళి సరంజామా. నాలుగు గంటల్లో నలభై ముగ్గురు పూర్తి కావాలన్నారు. వీరవేణి ఇక ఆలోచించకుండా ఆడవాళ్ళకు పెళ్ళికూతురి మేకప్, మగవాళ్ళకు పెళ్ళికొడుకు మేకప్ వేసుకుంటూ పోయింది. ప్రభంజనరావు స్వయంగా కుర్చీలో కూర్చుని కనుబొమలు దిద్దించుకున్నాడు. బట్టతల మెరవకుండా పౌడరు అద్దించుకున్నాడు. బుగ్గల మీద కాస్త కాంతి తగ్గిందని అడిగి మరీ హైలైటరు వేయించుకున్నాడు. మూడు గంటలకు యంత్రం కంపెనీ మనుషులు వచ్చి నలభై ముగ్గురి ముఖాలనూ నమోదు చేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు యంత్రం ఒక్కరిని కూడా గుర్తుపట్టలేదు. ప్రభంజనరావును నూటికి ముప్ఫై ఒకటి అంది.

మళ్ళీ నమోదు చేయించమని రాజధానికి రాశారు. ముఖం మార్చుకోదలచిన ఉద్యోగి యంత్రం ద్వారానే దరఖాస్తు పెట్టుకోవాలనీ, యంత్రం దరఖాస్తు తీసుకోవాలంటే ముందు ఆ ఉద్యోగి ముఖాన్ని గుర్తుపట్టాలనీ జవాబు వచ్చింది. పైగా ముఖం సర్వీసు పుస్తకంలో భాగమనీ, అందులో కొట్టివేతలు, దిద్దుబాట్లు నేరమనీ కింద ఒక గమనిక. ఆ ఉత్తరం చదివి సిబ్బంది తలలు పట్టుకున్నారు. ప్రభంజనరావు మాత్రం పట్టుకోలేదు. ఆయనకు రాజధాని నుంచి వచ్చే ఏ ఉత్తరంలోనైనా ఒక తర్కం కనిపిస్తుంది. సాయంత్రానికల్లా సర్క్యులరు తయారైంది.

“ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, యంత్రమునందు నమోదైన ముఖమే అధికారిక ముఖముగా పరిగణింపబడును. ఇండ్లయందు వాడుకలో నున్న ముఖములతో విధులకు హాజరగుట క్రమశిక్షణారాహిత్యముగా భావింపబడును.”

ఆ సర్క్యులరు కిందనే వీరవేణిని రోజూ రమ్మని ఉత్తర్వు. ఏడున్నరకు వరస మొదలయ్యేది. వారం తిరక్కుండానే ఆమెకు చిరాకు ముదిరింది. పెళ్ళికి ఒక పూట వేసుకునే మేకప్ రోజూ వేసుకుంటే చర్మం ఏమైపోతుందని అడిగినవాళ్ళనీ అడగనివాళ్ళనీ కేకలేసేది. కనీసం పద్ధతిగా వేసుకోమని చెప్పేది. మొహం కడిగాక తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోండి. తడి ఆరకముందే కలబంద గుజ్జు రాసి, అయిదు నిమిషాలు ఆగండి. ఎండలోకి వెళ్ళినా వెళ్ళకపోయినా సన్‌స్క్రీన్ మానొద్దు. ఫౌండేషన్ శనగగింజంత చాలు, స్పాంజి తడిపి అద్దాలి గానీ సున్నం కొట్టినట్టు పుయ్యకూడదు. పౌడరు ముక్కు మీదా నుదుటి మీదా తప్ప అక్కర్లేదు. పెదాలకు రాసుకున్నదే వేలితో బుగ్గలకు అద్దుకుంటే ఇంకో డబ్బా కొనే పని లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటికి వెళ్ళగానే కొబ్బరినూనెతో తుడిచి కడిగెయ్యాలి. ఆమెకు ఎంతో ఇష్టమైన సామాను కూడా ఖరీదైనదేమీ కాదు, స్ప్రే సీసాలో పన్నీరు, ఇంట్లో పట్టిన కాటుక, ఒక మంచి స్పాంజి.

ఈ సలహాలన్నిటినీ విశ్వపతి పక్కన నిలబడి రాసుకున్నాడు. నాలుగో రోజున అవి నిబంధనలై బయటికి వచ్చాయి. ఏడో నిబంధన దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఫౌండేషన్ శనగగింజ పరిమాణం మించరాదన్నారు గానీ, ఆ శనగ నానబెట్టినదా, నానబెట్టనిదా అన్నది తేలలేదు. ముగ్గురు సభ్యులతో ముఖ సమన్వయ ఉపసంఘం వేశారు. ఉపసంఘం రెండు వారాలు చర్చించి, అభిప్రాయం కోసం వ్యవసాయ శాఖకు లేఖ రాసింది. ఆ ఆఫీసు పుట్టాక ఒక శాఖతో నిజంగా సమన్వయం చేసింది అదే మొదటిసారి.

ఇంతా చేసి శనగగింజంత ఫౌండేషన్‌తో యంత్రం ఒప్పుకునేది కాదు. దానికి పెళ్ళి ముఖమే కావాలి. కాబట్టి నిబంధనలు గోడ మీద ఉండేవి, పూత మొహాల మీద ఉండేది. తొమ్మిదింటికి వేసిన మేకప్ సాయంత్రం అయిదున్నర దాకా చెక్కుచెదరకుండా ఉండాలి, ఎందుకంటే వెళ్ళేటప్పుడు కూడా యంత్రం ముందు నిలబడాలి. చెమట పడుతుందని మెట్లు ఎక్కడం మానేశారు. పూత పగులుతుందని నవ్వడం మానేశారు. దస్త్రం తిప్పితే చేతికి దుమ్ము, ఆ చెయ్యి మొహానికి తగిలితే మరక. అందుకని దస్త్రాలు ముట్టుకోవడం మానేశారు. అర్జీలు పట్టుకొచ్చే జనం గుమ్మంలోనే ఆగిపోయి లోపల ఎవరి పెళ్ళని అడిగేవాళ్ళు. ఒక ముసలావిడ గోడు చెప్పుకుంటూ ఏడిస్తే రెండో సెక్షన్ గుమాస్తాకు కళ్ళు చెమర్చి కాటుక కారింది. ఆ రోజు ఆయనకు సాయంత్రం హాజరు పడలేదు. మర్నాడు గుమ్మంలో బోర్డు పెట్టారు. సిబ్బంది హృదయాలను కదిలించు విధముగా అర్జీలు సమర్పించరాదట.

ఈ గోలలో నోరెత్తకుండా అందరికన్నా ముందు వచ్చి వరసలో నిలబడేవాడు అటెండరు గవర్రాజు. వయసు నలభై ఆరు. పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగి. అంటే ఏటా మార్చి ముప్ఫై ఒకటిన అతని ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ రెండున మళ్ళీ వస్తుంది. మధ్యలో ఆ ఒక్క రోజూ అతను ఎవరూ కాడు. అయినా ఆ రోజు కూడా వచ్చి అందరికీ మంచినీళ్ళు పెట్టి వెళ్ళేవాడు. ఆఫీసులో ఏ దస్త్రం ఏ బీరువాలో ఉందో నిజంగా తెలిసిన మనిషి అతనొక్కడే.

ఇన్నాళ్ళకు అతనికి మంచి జరిగే సమయం వచ్చింది. కాంట్రాక్టు అటెండర్లను పర్మనెంటు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. షరతు ఒక్కటే. ఆఫీసు యంత్రంలో తొలి హాజరు పడిన రోజు నుంచి తొంభై పనిదినాలు ఒక్క రోజు కూడా తప్పకుండా యంత్రంలో హాజరు పడాలి. ఒక్కటి తప్పినా జాబితాలో పేరు ఉండదు. వచ్చే ఏటికి అతని వయసు దాటిపోతుంది. అంటే ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదు. పర్మనెంటయితే మొదట ఏం చేస్తావని వీరవేణి ఒకసారి అడిగితే, ఏప్రిల్ ఒకటో తారీఖున ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకుంటానని చెప్పాడు. ఆ రోజు తన సెలవు రోజు అవ్వాలి గానీ తనకు ఉద్యోగం లేని రోజు అవ్వకూడదట. వీరవేణికి ఆ మాట మనసులో ఉండిపోయింది.

యాభయ్యో రోజుకు గవర్రాజు బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. వీరవేణి తన దగ్గరున్న కాలమైన్ లోషన్ ఇచ్చి, రసాయనాలు తక్కువున్న డబ్బా మార్చి చూసింది. తగ్గలేదు. దద్దుర్లు కనిపిస్తే యంత్రం ఒప్పుకోదు, అవి కనిపించకుండా చెయ్యాలంటే ఇంకాస్త దట్టంగా పుయ్యాలి, దట్టంగా పూస్తే అవి ఇంకా లేస్తాయి. డెబ్భై ఆరో రోజు పొద్దున అతను వచ్చేసరికి మొహం వాచి కళ్ళు గీతల్లా ఉన్నాయి. పెద్దాసుపత్రి డాక్టరు పది రోజులపాటు మొహానికి నీళ్ళు తప్ప ఏదీ తగలకూడదని రాసిచ్చాడు. ఆ చీటీ జేబులో పెట్టుకుని వచ్చి గవర్రాజు మామూలుగానే కుర్చీలో కూర్చున్నాడు.

“పూసెయ్యండమ్మా. ఇంకెన్నాళ్ళండీ, పదిహేను రోజులే కదండీ. ఆ తర్వాత ఈ మొహం ఏమైపోయినా పర్లేదండీ.”

ఇరవై రెండేళ్ళుగా మొహాలు బాగుచేసి బతుకుతూ, ఒక మొహాన్ని తన చేత్తోనే రోజూ కాస్త కాస్త పాడుచేస్తున్నానని వీరవేణికి ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ రోజుకు గత్యంతరం లేక, అతని పళ్ళు బిగుసుకుంటుంటే చూస్తూ పూత పూసింది. యంత్రం డెబ్భై ఒకటి అంది. ఆమె తిన్నగా ప్రభంజనరావు గదిలోకి వెళ్ళింది. గవర్రాజుకు పది రోజులు పాత పద్ధతిలో పుస్తకంలో సంతకం పెట్టనివ్వమని అడిగింది. మనిషి ఎదురుగా ఉన్నాడు, పని చేస్తున్నాడు, తక్కిన నలభై ఇద్దరూ సాక్ష్యం చెబుతారు, ఇంకేం కావాలని అడిగింది.

ప్రభంజనరావు మొహం కదలకుండా జవాబిచ్చాడు, ఆయన పూత కూడా కదిలితే పగిలేదే.

“చూడండి వీరవేణిగారూ. ముఖమనేది నమోదైన క్షణం నుంచి ఉద్యోగి వ్యక్తిగత ఆస్తి కాదు, శాఖాపరమైన ఆస్తి. దాన్ని వాపు రాకుండా కాపాడుకోవలసిన బాధ్యత అతనిది. ఈ విషయంలో మానవతా దృక్పథంతో ఆలోచించడానికి నాకు అధికారం దఖలు పరచబడలేదు.”

ఆమె పార్లరుకు తిరిగి వచ్చింది. ఎదురుగా బల్ల మీద ప్రాక్టీసు తల ఉంది. పని నేర్చుకునే అమ్మాయిలు మనుషుల మొహాలు పాడుచెయ్యకుండా ముందు దాని మీద చెయ్యి తిప్పుకుంటారు. రబ్బరు మొహం, పొడుగు జడ, ఎప్పుడూ ఉండే ఒక చిన్న నవ్వు. దానికి ఎంత రాసినా దద్దుర్లు లేవవు. వీరవేణి కోపంలో ఉంది గనక ఆ ఆలోచన వచ్చింది, లేకపోతే వచ్చేది కాదు. నమోదు రోజు నాటి గవర్రాజు ఫొటో అద్దానికి అంటించింది. ఆ తలకు అతని రంగు కలిపి పూసింది. గుబురు కనుబొమలు గీసింది. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ పెట్టింది. దాని జడలోంచే కాస్త జుట్టు కత్తిరించి మీసం అతికించింది. మిగతా జడ టోపీలోకి దోపింది.

మర్నాడు గవర్రాజు మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని, ఆ తలను రెండు చేతులతో తన తల ఉండే ఎత్తున పట్టుకుని యంత్రం ముందు నిలబడ్డాడు. యంత్రం క్షణం కూడా తటపటాయించలేదు. స్వాగతం, గవర్రాజు గారూ, నూటికి తొంభై ఎనిమిది అంది. అన్నాళ్ళలో ఆ ఆఫీసులో ఏ మనిషికీ అంత రాలేదు.

తొమ్మిది రోజులు అలా గడిచాయి. గవర్రాజు మొహానికి గాలి తగిలి వాపు తీసింది. పదో రోజున విశ్వపతి చూశాడు. చేతిలో తల, తువ్వాలులో మనిషి. విశ్వపతి వెంటనే గవర్రాజునూ వీరవేణినీ, తలనూ ప్రభంజనరావు గదికి తీసుకెళ్ళాడు. తప్పంతా తనదేననీ, గవర్రాజును ఏమీ అనొద్దనీ వీరవేణి ముందే చెప్పేసింది. ప్రభంజనరావు ఆమె మాట వినలేదు. యంత్రం ఇచ్చిన అంకెలు చూస్తున్నాడు. తొమ్మిది రోజులూ తొంభై ఎనిమిదే. తన అంకె డెబ్భై మూడు, ఒకరోజు డెబ్భై రెండు. ఆయన మొహంలో ఆ మూడు నెలల్లో మొదటిసారి ఒక కదలిక వచ్చింది.

మోసం అన్న మాటను ఆయన విశ్వపతి నోట్లోంచి పూర్తిగా బయటికి రానివ్వలేదు. ఇది మోసం కాదు, ముఖ స్థిరీకరణ అన్నాడు. ఉద్యోగి ముఖం రోజుకొక తీరుగా ఉండటమే పరిపాలనకు పట్టిన జబ్బు అని, దానికి మందు దొరికిందని అన్నాడు. వీరవేణి ఇక పట్టలేకపోయింది.

“అది బొమ్మండీ. రబ్బరు బొమ్మ.”

“బొమ్మ అని మీరు అంటున్నారు. యంత్రం అనడం లేదు.”

నెల తిరక్కుండా నలభై రెండు ప్రాక్టీసు తలలకు టెండరు పిలిచారు. వచ్చినవన్నీ ఆడ తలలే. మీసాలు విడిగా తెప్పించారు. వీరవేణి రానని మొండికేసింది. గవర్రాజు పర్మనెంటు కాగితం ఇంకా రాజధానిలో ఉందని విశ్వపతి మెల్లగా గుర్తుచేశాక వచ్చింది. వారం రోజుల్లో నలభై రెండు మొహాలు వేసింది. ఆ తర్వాత సిబ్బంది పొద్దున్నే రావలసిన పని తప్పింది. గవర్రాజు తన రబ్బరు తలతో సహా ఒక్కొక్క తలనూ యంత్రానికి చూపించి, తెచ్చి కుర్చీలో పెట్టేవాడు. సాయంత్రం మళ్ళీ చూపించి బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. అర్జీలు పట్టుకుని వచ్చిన జనానికి పెద్ద తేడా తెలియలేదు. కొందరికి బాగానే ఉందనిపించింది కూడా, ఎందుకంటే ఈ తలలు రేపు రమ్మనేవి కావు.

రాజధాని నుంచి తనిఖీ వచ్చింది. నూటికి నూరు హాజరు, సగటు పోలిక తొంభై ఏడు పాయింట్ ఆరు, కార్యాలయమంతా అపూర్వమైన క్రమశిక్షణ, అనవసర సంభాషణలు లేవు అని రాసుకుని వెళ్ళారు. రాష్ట్రంలో ఉత్తమ కార్యాలయంగా ఎంపిక చేశారు. పురస్కారం అందుకోవడానికి ప్రభంజనరావు తన తలను పంపాలా, తాను వెళ్ళాలా అని ఒక పూట ఆలోచించి, చివరికి రెండూ వెళ్ళాలని నిర్ణయించుకున్నాడు.

పర్మనెంటు జాబితా కూడా వచ్చింది. అందులో గవర్రాజు పేరు ఉంది. తొంభైకి తొంభై. అతను ఆ కాగితాన్ని చేత్తో తడిమి చూసుకుని, వీరవేణి పార్లరుకు మిఠాయి పొట్లం పట్టుకొచ్చాడు. ఆమె అతని మొహం వెలుతురులోకి తిప్పి చూసింది. దద్దుర్లు పోయాయి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు మిగిలాయి. ఆర్నెల్లలో అవీ పోతాయని ధైర్యం చెప్పింది. ఆమెకు ఆ రోజు నిజంగా సంతోషం వేసింది, ఇంత పిచ్చిలోంచి ఒక మనిషికైనా మేలు జరిగింది కదా అని.

ఉత్తర్వు చేతికివ్వడానికి ధ్రువీకరణ అధికారి రాజధాని నుంచి వచ్చాడు. గవర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని, యంత్రం ముందు నిలబడ్డాడు. ముఖం గుర్తించబడలేదు అంది యంత్రం. నలభై నాలుగు అంది. పెళ్ళికి వెళ్తూ అది చూడటానికి ఆగిన వీరవేణి ఆ మాట వినగానే పెట్టె తెరిచి, అక్కడికక్కడే నమోదు రోజు నాటి మేకప్ అచ్చుగుద్దినట్టు వేసింది. యంత్రం యాభై ఎనిమిది అంది. కంపెనీకి ఫోను చేస్తే అప్పుడు బయటపడింది అసలు సంగతి. రోజూ ఎదురుగా వచ్చే ముఖాన్ని చూసి యంత్రం తన జ్ఞాపకాన్ని సరిదిద్దుకుంటుందట. ఇన్నాళ్ళుగా రోజుకు రెండుసార్లు వచ్చిన ముఖం తలది. ఇప్పుడు యంత్రం జ్ఞాపకంలో ఉన్న గవర్రాజు అదే.

ధ్రువీకరణ అధికారి చాలా న్యాయంగా వ్యవహరించాడు. తలను కూడా తెప్పించి చూశాడు. తొంభై తొమ్మిది. ఒకవైపు యాభై ఎనిమిది, ఒకవైపు తొంభై తొమ్మిది. సందేహానికి తావు లేదని చెప్పి ఉత్తర్వును తల ముందు బల్ల మీద పెట్టాడు. పక్కన నిలబడ్డ మనిషి ఎవరని విశ్వపతిని అడిగాడు. విశ్వపతి పద్నాలుగేళ్ళుగా ఆ మనిషి చేతి మంచినీళ్ళు తాగుతున్నాడు. తల వంచుకుని, రికార్డుల ప్రకారం బయటి వ్యక్తి అని చెప్పాడు. వీరవేణి ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. అవి విని ధ్రువీకరణ అధికారి, ఈవిడ ముఖం నమోదై ఉందా అని మాత్రం అడిగాడు. లేదని తేలింది కాబట్టి ఆమె అక్కడ లేనట్టే రాసుకున్నాడు.

గవర్రాజు కుర్చీలో ఉన్న తల వంకా, దాని ముందున్న కాగితం వంకా చూసి, యంత్రం దగ్గర నీళ్ళు ఒలికితే వంగి తుడిచాడు.

ప్రభంజనరావు మనసులేని మనిషి కాదు. పర్మనెంటు అటెండరు గవర్రాజు తనంతట తాను కదలలేని పరిస్థితిలో ఉన్నందువల్ల, అతన్నీ తక్కిన సిబ్బందినీ మోయడానికీ, మంచినీళ్ళు పెట్టడానికీ, దస్త్రాలు వెతకడానికీ ఒక కాంట్రాక్టు అటెండరు అవసరమని ప్రతిపాదన పంపాడు. వారంలో మంజూరైంది. వచ్చిన దరఖాస్తు ఒక్కటే. గవర్రాజు అన్న పేరు యంత్రంలో అప్పటికే ఒకరికి ఉంది కాబట్టి కొత్తతను గవర్రాజు-2 అయ్యాడు.

ముఖం నమోదు రోజున విశ్వపతి మళ్ళీ వీరవేణి కోసం ఆటో ఎక్కాడు. రాజధానికి వెళ్ళే ఫొటో కదా, కాస్త చూడటానికి బాగుండాలన్నాడు. వీరవేణి వచ్చింది. పెట్టె తేలేదు. గవర్రాజును పెరట్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, చెంబుతో నీళ్ళు పోస్తూ మొహం కడుక్కోమంది. రుద్దొద్దంది. తువ్వాలుతో అద్దుకోమంది. అలాగే, మచ్చలతో సహా, తీసుకెళ్ళి కెమెరా ముందు కూర్చోబెట్టింది. యంత్రం ఆ ముఖాన్ని తీసుకుంది. స్వాగతం, గవర్రాజు-2 గారూ, నూటికి నూరు అంది.

విశ్వపతి నియామక పత్రం చదివి వినిపించాడు. ఈ రోజు మొదలు పద్నాలుగేళ్ళు అంతరాయం లేని సేవ పూర్తి చేసినచో, అప్పటి నిబంధనలకు లోబడి, పర్మనెంటు విషయం పరిశీలింపబడవచ్చును. వెనకటి పద్నాలుగేళ్ళ సంగతి గవర్రాజు అడిగాడు. అది గవర్రాజు గారి సర్వీసు అని విశ్వపతి కుర్చీలో తలను చూపించాడు. ముఖం మాత్రం జాగ్రత్త, మారకూడదు అని కూడా చెప్పాడు.

గవర్రాజు వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. నలభై ఆరూ పద్నాలుగూ అరవై. వీరవేణి వైపు తిరిగాడు. అతను ఎగతాళికి అనలేదు, ఆమెకు ఆ విద్య తెలుసు గనక నిజంగానే అడిగాడు.

“అమ్మా, పద్నాలుగేళ్ళపాటు మొహం ఇలాగే ఉండటానికి రాసుకునేది ఏదన్నా ఉంటదా అండీ?”

అతని చెంపల మీద ఇంకా తడి ఉంది. తువ్వాలు అందుకుని వీరవేణే అద్దింది.